స్కూటర్ మిస్ కొడుతూ ఆగిపోతుంటే: కారణాన్ని పట్టుకునే క్రమం

సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే బండి ఆగిపోతుంది. సెల్ఫ్ నొక్కితే మళ్ళీ అందుకుంటుంది, వంద గజాలు పోయాక మిస్ కొడుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మొదట వినబడే మాట "కార్బొరేటర్ క్లీన్ చేయాలి". చేయిస్తారు, రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు కథ మళ్ళీ మొదటికొస్తుంది. విప్పి బిగించేటప్పుడు వదులుగా ఉన్న పైపేదో సర్దుకుని ఉంటుంది, లేదా ట్యాంకు అడుగున ఉన్న చెత్త ఇంకా జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రం) దాకా చేరి ఉండదు. అసలు కారణం మాత్రం కదలలేదు.

కింద రాసినదంతా 100 నుంచి 125 సీసీ గేర్లెస్ స్కూటర్లకు వర్తిస్తుంది: యాక్టివా, డియో, జూపిటర్, యాక్సెస్, మాస్ట్రో, ప్లెజర్ వంటివి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు అమ్మిన స్కూటర్లలో దాదాపు అన్నీ కార్బొరేటర్‌వే, తర్వాతివి ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. ముందు కార్బొరేటర్ బండి సంగతి చూద్దాం. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండికి ప్లగ్, గాలి, టప్పెట్ (వాల్వ్ గ్యాప్), క్లచ్, బ్రేకుల భాగాలు అలాగే పనికొస్తాయి, మిగతాది చివర్లో విడిగా ఉంది.

పానా పట్టకముందు: ఎప్పుడు ఆగుతోంది?

అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. రెండు రోజులు బండి నడుపుతూ ఎప్పుడు, ఏ పరిస్థితిలో ఆగిందో ఒక కాగితం మీద రాయండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా? ఎక్స్‌లేటర్ ఏ స్థితిలో ఉంది? ఉన్నట్టుండి స్విచ్ ఆపినట్టు ఆగిందా, లేక గునుస్తూ గునుస్తూ ఆగిందా?

ఆ చివరి ప్రశ్న సగం పని తేల్చేస్తుంది. టక్కున, లైటు ఆర్పినట్టు ఆగితే అది ఎక్కువగా కరెంటు వైపు లోపం: ప్లగ్ క్యాప్, ఇగ్నిషన్ కాయిల్, పల్సర్ కాయిల్ (స్పార్కు ఎప్పుడు రావాలో సంకేతమిచ్చేది), సీడీఐ (కాయిల్‌కు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ పెట్టె), తాళం స్విచ్, వైరు. బలం తగ్గుతూ, ఒకటి రెండుసార్లు దగ్గి ఆగితే పెట్రోలు అందడం లేదు. నల్లపొగ, పెట్రోలు వాసనతో బరువుగా ఆగితే పెట్రోలు ఎక్కువవుతోంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగుతూ, వేడెక్కాక బాగుంటే చోక్, స్లో జెట్ (ఎక్స్‌లేటర్ వదిలినప్పుడు పెట్రోలిచ్చే జెట్టు), టప్పెట్ చూడాలి. పరుగులో బాగుండి, ఎక్స్‌లేటర్ వదలగానే సిగ్నల్ దగ్గర ఆగితే స్లో సర్క్యూట్ మూసుకుపోయింది, లేదా ఎక్కడో అదనపు గాలి లాగుతోంది. పదిహేను ఇరవై నిమిషాలు నడిచాక ఆగి, కాసేపు నిలిపితే మళ్ళీ స్టార్టయితే ట్యాంకు మూతలోని గాలిరంధ్రం లేదా వేడికి చచ్చిపోయే కాయిల్. 40 దాటాక పికప్ లేకుండా తడబడితే మెయిన్ జెట్, వాక్యూమ్ డయాఫ్రమ్ (కార్బొరేటర్ పైభాగంలోని పలుచటి రబ్బరు పొర), ఎయిర్ ఫిల్టర్, లేదా బెల్టు. వానలో మాత్రమే మిస్ కొడితే ప్లగ్ క్యాప్, దాని వైరు.

ఇంకో చిన్న పరీక్ష. డబుల్ స్టాండ్ మీద ఇంజిన్ స్లోలో, అంటే ఎక్స్‌లేటర్ తిప్పకుండా, తిరుగుతుండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పండి. తిప్పినప్పుడు ఆగితే హ్యాండిల్ మెడ దగ్గర వైరు లోలోపల తెగింది. రేజు (ఇంజిన్ తిరిగే వేగం) దానంతట అదే పెరిగితే ఎక్స్‌లేటర్ కేబుల్ బిగుసుకుంది. తాళంచెవిని వేలితో అటూ ఇటూ కదపండి, ఆ కదలికకు ఆగితే తాళం స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయి. బరువైన తాళాలగుత్తి వేలాడే బళ్ళలో ఇది తరచూ కనిపిస్తుంది.

పనిముట్లు, జాగ్రత్తలు

8, 10, 12 మి.మీ. పానాలు లేదా టీ-పానాలు, బండితో వచ్చే ప్లగ్ పానా, మంచి స్టార్ స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (సన్నటి గ్యాప్‌ను కొలిచే రేకులు), కార్బ్ క్లీనర్ స్ప్రే, 50 మి.లీ. సిరంజి, పారదర్శకమైన గాజు సీసా. సిరంజి మందుల షాపులో దొరుకుతుంది, దాని పని తర్వాత తెలుస్తుంది. కార్బొరేటర్ స్క్రూలు మెత్తటి ఇత్తడి, ఇనుముతో చేసినవి కాబట్టి అరిగిన స్క్రూడ్రైవర్ పెడితే తల చెడిపోతుంది. అక్కడితో చిన్న పని పెద్దదవుతుంది.

పని ఆరుబయట చేయండి. అపార్టుమెంటు సెల్లారులోనో తలుపులు మూసిన షెడ్డులోనో ఇంజిన్ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పెట్రోలు తీసేటప్పుడు దగ్గర్లో పొయ్యి, బీడీ, స్పార్కు పరీక్ష ఏవీ ఉండకూడదు. ఒక పని చేశాక బండి నడిపి చూసి, ఆ తర్వాతే రెండో పనికి వెళ్ళండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగయిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి మెట్టు: ప్లగ్

చాలా స్కూటర్లలో సీటు కింద ముందువైపు, కాళ్ళు పెట్టే చోటికి ఎదురుగా ఉన్న చిన్న మూత తీస్తే ప్లగ్ కనిపిస్తుంది. ఇంజిన్ చల్లారాకే విప్పండి. వేడి అల్యూమినియం హెడ్డులో మర చెడిపోయే ప్రమాదం ఉంది. ముందు ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని గాలి కొట్టి ఊదండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది.

ప్లగ్ మొన రంగు చదవాలంటే బండి ఆగిపోయిన వెంటనే తీసినదై ఉండాలి. ఇంటికొచ్చి పది నిమిషాలు స్లోలో నడిపాక తీస్తే ఆ రంగుకు అర్థం లేదు. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడిగా మసిబారితే పెట్రోలు ఎక్కువ: చోక్ ఇరుక్కోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోలును ఆపే సూది) కారడం. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, అంటే రింగులు లేదా వాల్వ్ సీలు. తెల్లగా కాలిన సుద్దలా ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్కు రావడం లేదు లేదా ఇంజిన్ ఫ్లడ్ అయింది. ఎన్ని కిక్కులు కొట్టినా ప్లగ్ పొడిగానే ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదు.

గ్యాప్ సాధారణంగా 0.7 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్లో చూడండి. ఇసుక కాగితంతో రుద్ది పాత ప్లగ్‌నే వాడటం మంచిది కాదు. కొత్త ప్లగ్ ఖరీదు ఒక పూట పెట్రోలంత, అనుమానం ఉంటే మార్చేయడమే నయం. అయితే కంపెనీ చెప్పిన నంబరే వేయండి. హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని వదిలే స్థాయి) తప్పితే ప్లగ్ ఊరికే మసిబారుతుంది, లేదా విపరీతంగా వేడెక్కుతుంది. కొత్త ప్లగ్‌ను మొదట చేత్తోనే చివరిదాకా తిప్పి, వాషర్ ఆనాక పానాతో సుమారు అర చుట్టు బిగిస్తే చాలు. తీసిన ప్లగ్‌నే తిరిగి పెడుతుంటే ఆనాక కొద్దిగా, చుట్టులో ఎనిమిదో వంతు.

స్పార్కు చూడాలంటే ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, దాని లోహపు మరను ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రాన్ని గుడ్డతో మూసి, స్పార్కు చేసే చోటు దానికి దూరంగా ఉంచండి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. నీలంగా, చటుక్కుమనే శబ్దంతో వస్తే బలంగా ఉన్నట్టు. పలచగా పసుపు ఎరుపు రంగులో వస్తే బలహీనం. ప్లగ్‌ను లోహానికి ఆనించకుండా కిక్ కొడితే కాయిల్, సీడీఐ దెబ్బతింటాయి.

స్పార్కు బలహీనంగా ఉంటే వెంటనే కాయిల్ కొనొద్దు. క్యాప్‌ను వైరు నుంచి మరలాగా తిప్పి విప్పండి, వైరు చివర పచ్చగా తుప్పు పట్టి ఉంటే అర సెంటీమీటరు కత్తిరించి మళ్ళీ బిగించండి. రెసిస్టర్ ఉన్న క్యాప్ అయితే మల్టీమీటర్‌లో 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపాలి, అంతూపొంతూ లేని అంకె చూపితే క్యాప్ పోయినట్టే. వానలో మిస్ కొట్టే బళ్ళలో చాలావరకు ఈ పనితోనే బాగవుతాయి.

రెండో మెట్టు: పెట్రోలు దారి

ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా నాలుగు చోట్ల పెట్రోలు ఆగొచ్చు. మూత గాలిరంధ్రం, ట్యాంకు లోపలి జాలీ, ఆటో కాక్, పైపు లేదా దాని మధ్యలోని ఫిల్టర్.

మూత పరీక్ష తేలిక. బండి దారిలో ఆగిన క్షణంలో పెట్రోలు మూత తెరవండి. "స్" అని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, తర్వాత బండి స్టార్టయితే రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి, రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి ధార ఆగిపోతుంది. నిండు ట్యాంకుతో త్వరగా, సగం ట్యాంకుతో ఆలస్యంగా ఆగడం దీని గుర్తు, ఎందుకంటే పైన గాలి తక్కువ ఉన్నప్పుడు వాక్యూమ్ త్వరగా పెరుగుతుంది. మూతలోని సన్నటి రంధ్రాన్ని శుభ్రం చేసి గాలి కొట్టండి. కొన్ని బళ్ళకు గాలి పైపు విడిగా కిందికి దిగుతుంది, దాని చివర మట్టి అడ్డం పడుతుంది.

ఆటో కాక్ చాలామందికి తెలియని భాగం. ఇంజిన్ తిరిగేటప్పుడు ఇంటేక్ పైపులో పుట్టే వాక్యూమ్ సన్నటి రబ్బరు గొట్టం ద్వారా కాక్‌లోని డయాఫ్రమ్‌ను లాగుతుంది, అప్పుడే పెట్రోలు వస్తుంది. ఇంజిన్ ఆగితే పెట్రోలూ ఆగుతుంది. కాబట్టి పైపు విప్పి చూసి "పెట్రోలు రావట్లేదు, కాక్ పోయింది" అనుకోకూడదు. సిరంజి ఇక్కడే కావాలి. వాక్యూమ్ గొట్టాన్ని కాక్ వైపు ఉంచి, రెండో చివర సిరంజి పెట్టి లాగండి. పెట్రోలు పైపు చివర సీసా పెడితే ధార ఆగకుండా రావాలి. ప్లంజర్‌ను లాగి పట్టుకున్నప్పుడు దాన్ని వెనక్కి లాగే బలం నిలవకుండా సడలిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది. సిరంజిలోకి పెట్రోలే వస్తే చిరుగు పెద్దది. ఆ బండి పెట్రోలును వాక్యూమ్ గొట్టం ద్వారా నేరుగా ఇంజిన్‌లోకి తాగుతోంది, అందుకే నల్లపొగ, తక్కువ మైలేజీ, స్లోలో ఆగడం. ఎన్నిసార్లు కార్బొరేటర్ కడిగినా తగ్గని బళ్ళలో ముందుగా ఈ కాక్‌నే అనుమానించాలి. నోటితో పీల్చి పరీక్షించే అలవాటు మానండి, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.

సీసాలో పట్టిన 200 మి.లీ. పెట్రోలును పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరలా నీళ్ళు తేరుకున్నా, గోధుమరంగు పొడి కనిపించినా ట్యాంకు దించి కడగాల్సిందే. ఇప్పుడు మనకు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దేశంలో దీని అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. సరిగ్గా పెట్రోలు పైపు మొదలయ్యేదీ అక్కడే. పాత బండిలో ఇది ట్యాంకు గోడల మీది పాత జిగురును కరిగించి జెట్టుల్లోకి తెస్తుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, గట్టిపడేలా చేస్తుంది. 2020కి ముందు బండి నెలకోసారి బయటికి తీస్తుంటే ఈ విషయం గట్టిగా పట్టించుకోవాలి.

మూడో మెట్టు: గాలి

ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. చాలా స్కూటర్లలో నూనె పూసిన పేపర్ ఫిల్టర్ ఉంటుంది, ముట్టుకుంటే జిడ్డుగా అనిపిస్తుంది. దాన్ని గాలి కొట్టి దులపకూడదు, కడగకూడదు. దుమ్మును పట్టేది ఆ నూనే. కొడితే నూనె పోయి దుమ్ము నేరుగా బోరులోకి వెళ్తుంది. దానికి మార్చడమే పద్ధతి, సాధారణంగా 15,000 కి.మీ. దగ్గర, మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఇంకా ముందే. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో లేదా సబ్బునీళ్ళలో పిండి, నీడన పూర్తిగా ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిల్ అద్ది మళ్ళీ పిండి వేయాలి. ఫిల్టర్ పెట్టె కింద మూత బిగించిన చిన్న పారదర్శకమైన గొట్టం ఉంటుంది. అందులో నీళ్ళో ఆయిలో నిండితే మూత తీసి కార్చేయండి. పార్కింగులో నెలలు ఉన్న బండిలో ఎలుకలు ఫిల్టర్ పెట్టెలోనే గూడు కడతాయి, అదీ చూడండి.

మూసుకుపోయిన ఫిల్టర్ కంటే ఎక్కువ తిప్పలు పెట్టేది అడ్డదారిన వచ్చే గాలి. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్యనున్న ఇంటేక్ రబ్బరు పగిలినా, దాని ఓ-రింగు గట్టిపడినా, వాక్యూమ్ గొట్టం చీలినా, పొగ తగ్గించేందుకు పెట్టిన సెకండరీ ఎయిర్ వాల్వ్ గొట్టం ఊడినా ఇంజిన్ లెక్కకు మించి గాలి లాగుతుంది. గుర్తులు స్పష్టం: స్లో ఒకచోట నిలవదు, ఎక్స్‌లేటర్ వదిలితే రేజు వెంటనే దిగదు, సైలెన్సర్‌లో టప్ టప్ శబ్దం, తెల్లటి ప్లగ్. ఇంజిన్ స్లోలో ఉండగా రబ్బరు జాయింట్ల మీద సబ్బునీళ్ళు కొద్దికొద్దిగా చల్లండి. ఎక్కడ చల్లినప్పుడు ఇంజిన్ శబ్దం మారిందో అక్కడే లీకు. కార్బ్ క్లీనర్‌తో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, కానీ వేడి సైలెన్సర్ పక్కన అది మంట పుట్టిస్తుంది కాబట్టి సబ్బునీళ్ళకే మా ఓటు. రబ్బరును వేళ్ళతో వంచి కూడా చూడండి, మామూలుగా మూసుకుని ఉండే పగులు వంచితేనే తెరుచుకుంటుంది.

నాలుగో మెట్టు: కార్బొరేటర్

ఇక్కడిదాకా వచ్చాక కూడా కారణం దొరక్కపోతేనే దీన్ని ముట్టుకోవాలి. డిక్కీ పెట్టె నాలుగు బోల్టులు తీసి ఎత్తేస్తే చేతికి అందుతుంది. గొట్టాలు తీసేముందు ఫోనుతో రెండు మూడు ఫొటోలు తీసుకోండి.

మొత్తం విప్పకుండా మొదట ఒక చిన్న పని చేసి చూడొచ్చు. అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి వదలండి. నీళ్ళ చుక్కలు, ఇసుక కనిపిస్తే కారణం దొరికినట్టే. ఆ మురికి పోయాక కొన్ని బళ్ళు అప్పటికప్పుడే బాగవుతాయి.

విప్పాల్సి వస్తే క్రమం ఇది. పైలట్ స్క్రూను (స్లోలో పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేసేది) మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, తర్వాతే బయటికి తీయండి. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లుంటుంది. గట్టిగా బిగిస్తే సూది మొన విరుగుతుంది. ఫ్లోట్ గిన్నె స్క్రూలు తీసి, ఫ్లోట్ పిన్ను లాగి, ఫ్లోట్‌నూ నీడిల్‌నూ జాగ్రత్తగా తీయండి. నీడిల్ రబ్బరు మొన మీద గాడి పడి ఉంటే అది పెట్రోలును ఆపలేదు, ఓవర్‌ఫ్లో అవుతుంది. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోలు చప్పుడైతే మార్చాలి.

స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే గుండ్రంగా, అంచులు శుభ్రంగా కనబడాలి. సగం మూసుకున్నా స్లోలో బండి నిలవదు. ఇనుప తీగ, గుండుసూది దూర్చొద్దు. రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. కార్బ్ క్లీనర్‌లో పావుగంట నానబెట్టి గాలి కొట్టండి, మొండి జిగురైతే ఎలక్ట్రికల్ వైరులోని ఒక్క రాగి పోగు వాడండి. జెట్టు కడగడంతో పని అయిపోదు. బాడీలోని సన్నటి దారులు, ముఖ్యంగా థ్రాటిల్ బటర్‌ఫ్లై దగ్గరున్న చిన్న రంధ్రాలు కూడా ఒక చివర స్ప్రే కొడితే రెండో చివర రావాలి. షెడ్డులో హడావిడిగా చేసినప్పుడు వదిలేసేది ఈ దారులనే.

పైమూత తీస్తే వాక్యూమ్ పిస్టన్, దానికి అంటుకున్న పలుచటి నల్ల డయాఫ్రమ్ ఉంటాయి. వెలుగుకు పెట్టి చూడండి, సూదిమొనంత రంధ్రం ఉన్నా పికప్ పడిపోతుంది. దీని మీద కార్బ్ క్లీనర్ పడకూడదు, రబ్బరు ఉబ్బి ముడతలు పడి మళ్ళీ గాడిలో కూర్చోదు. స్ప్రే కొట్టేముందే అన్ని రబ్బరు భాగాలూ తీసి పక్కన పెట్టాలి.

ఆటో చోక్ ఉన్న బళ్ళలో ఇంకో సంగతి. చల్లగా ఉన్నప్పుడు అదనపు పెట్రోలిచ్చే చిన్న ప్లంజర్, ఇంజిన్ నడుస్తుంటే కరెంటుతో వేడెక్కి కొన్ని నిమిషాల్లో దారి మూసేస్తుంది. దాని వైరు ఊడితే చోక్ ఎప్పటికీ మూసుకోదు. అందుకే చల్లగా బ్రహ్మాండంగా, వేడెక్కాక మసిబారి ఆగిపోయే బండి కనిపిస్తే ముందు ఆ కనెక్టర్ చూడండి. చేతి చోక్ ఉన్న బళ్ళలో కేబుల్ ఇరుక్కుని సగం తెరిచే ఉండిపోవడం ఇదే లక్షణాన్ని ఇస్తుంది.

స్లో సెట్ చేయడం

అన్నీ బిగించాక పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కనివ్వండి. చల్లటి ఇంజిన్ మీద చేసిన సెట్టింగు నిలవదు. స్లో స్క్రూతో రేజు కొంచెం ఎక్కువ పెట్టి, పైలట్ స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికీ బయటికీ తిప్పుతూ రేజు అన్నిటికంటే ఎక్కువగా, నున్నగా వినిపించే చోటు పట్టుకోండి. తర్వాత స్లో స్క్రూతో తగ్గించండి. 110 సీసీ యాక్టివాకు స్లో 1,700 ఆర్‌పీఎం దగ్గర ఉండాలి. ఎక్స్‌లేటర్ చటుక్కున తిప్పి వదిలితే తడబడకుండా లేచి, వెంటనే దిగి అక్కడే నిలవాలి. పైలట్ స్క్రూ పూర్తిగా లోపలికి పోయినా తేడా తెలియకపోతే చోక్, నీడిల్, కాక్‌లలో ఎక్కడో అదనపు పెట్రోలు వస్తోంది. నాలుగు చుట్లు బయటికొచ్చినా తేడా లేకపోతే స్లో దారి ఇంకా మూసుకునే ఉంది. ఆగకుండా ఉండటానికి స్లోను బలవంతంగా పెంచేయడం పరిష్కారం కాదు. క్లచ్ అరుగుతుంది, బండి సిగ్నల్ దగ్గర ముందుకు లాగుతుంది, లోపం దాక్కుంటుంది.

వేడెక్కాక చచ్చిపోయే కరెంటు

బండి ఆగిన చోటే స్పార్కు చూడాలి. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే అంతా బాగానే ఉంటుంది. డిక్కీలో ఒక పాత మంచి ప్లగ్, ప్లగ్ పానా ఉంచుకోండి, ఆగగానే క్యాప్‌కు ఆ ప్లగ్ తగిలించి కిక్ కొట్టండి. స్పార్కు లేకపోతే కాయిల్, పల్సర్ కాయిల్, సీడీఐ మీద దృష్టి పెట్టొచ్చు. ఇంట్లో అదే స్థితి తెప్పించాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో భాగాన్ని విడివిడిగా వేడిచేసి చూడండి. కాయిల్‌ను వేడిచేస్తే ఆగి, చల్లారితే నడిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. సీడీఐకి మాత్రం నమ్మదగిన పరీక్ష, అదే మోడల్ బండి నుంచి తెచ్చి మార్చి చూడటమే. కొనేముందు ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ వైరు బోల్టు విప్పి తుప్పు గీకి బిగించండి. అనవసరంగా సీడీఐ మార్చిన బళ్ళలో చివరికి ఈ బోల్టే కారణమని తేలిన సందర్భాలున్నాయి.

టప్పెట్, కంప్రెషన్

టప్పెట్ శబ్దం లేదు కాబట్టి బాగుందనుకోవద్దు. శబ్దం చేసేది వదులైన టప్పెట్. ఆగిపోయేలా చేసేది బిగుసుకున్నది, అది నిశ్శబ్దంగా ఉంటుంది. వాల్వ్ తన సీటులోకి అరుగుతూ దిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ లీకై స్లో పోతుంది. ఇంజిన్ రాత్రంతా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ పై చివరలో ఉండగా, అంటే రెండు టప్పెట్లూ వేలికి కాస్త కదులుతున్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో చూడాలి. అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

కంప్రెషన్ అనుమానమైతే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్ బిగించి కిక్ కొట్టండి. కిక్ బరువెక్కితే రింగులు, బోరు అరిగాయి. తేడా లేకపోతే వాల్వులు.

ఇంజిన్ బాగున్నా ఆగే బళ్ళు

డబుల్ స్టాండ్ వేసి స్లోలో ఉంచండి. వెనక చక్రం నెమ్మదిగా తిరగడం మామూలే, బ్రేకు మెల్లగా వేయగానే ఆగాలి. వేగంగా తిరుగుతూ, బ్రేకు వేస్తే ఇంజినే ఆగిపోతుంటే క్లచ్ షూ స్ప్రింగు తెగింది లేదా సాగింది. సిగ్నల్ దగ్గర ఆగే బండికి ఇదొక కారణం, కార్బొరేటర్ ఎంత కడిగినా తగ్గదు. ఇంజిన్ ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి, బిగుతుగా ఉంటే డ్రమ్ బ్రేకు పట్టేస్తోంది. బ్రేకు లివరు చివర 10 నుంచి 20 మి.మీ. ఖాళీ ఆట ఉండాలి. రేజు పెరిగినా వేగం పెరగకపోతే అది బెల్టు, రోలర్ల సంగతి. బెల్టును 20,000 నుంచి 24,000 కి.మీ. మధ్య మార్చేయడం మంచిది.

సైలెన్సర్ చివర చేయి అడ్డం పెట్టి పొగ ధార గట్టిగా తగులుతోందో చూడండి. వేడి లోహాన్ని ముట్టుకోవద్దు. వాడకుండా నిలిపిన బళ్ళ సైలెన్సర్లలో, గాలి పైపుల్లో కందిరీగ మట్టిగూడు కడుతుంది. అలాంటి బండి స్టార్టయి, రేజు ఎక్కక ఆగిపోతుంది.

ఎఫ్ఐ బండి

తాళం తిప్పగానే ట్యాంకులో పెట్రోలు పంపు రెండు మూడు క్షణాలు "గుయ్"మనాలి, మీటరులో ఇంజిన్ లైటు వెలిగి ఆరాలి. పంపు శబ్దం రాకపోతే ఫ్యూజు, బ్యాటరీ, పంపు కనెక్టర్ చూడండి. కార్బొరేటర్ బండి బలహీనమైన బ్యాటరీతోనైనా కిక్కుతో నడుస్తుంది, ఎఫ్ఐ బండికి పంపు, ఇంజెక్టర్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) అన్నీ బ్యాటరీ మీదే ఆధారం. నిలిపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల పైన, సెల్ఫ్ నొక్కినప్పుడు 10కి తగ్గకుండా, రేజు చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి.

ఇంజిన్ లైటు ఆరకుండా మెరుస్తుంటే ఆ మెరుపులే కోడ్. హోండాలో పొడుగు మెరుపుకు 10, పొట్టి మెరుపుకు 1 చొప్పున కూడాలి. కోడ్ ఏ భాగం వైపు చూపితే ముందు దాని కనెక్టర్, వైరు చూడండి, సెన్సర్ కొనడం ఆ తర్వాత. ఎలుకలు కొరికిన వైరు ఏ సెన్సర్‌నైనా చెడినట్టు చూపిస్తుంది.

లైటు లేకుండా స్లోలో మాత్రమే ఆగుతుంటే థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, స్లో గాలిని నడిపే వాల్వ్ ముఖ్య అనుమానితులు. మెత్తటి గుడ్డకు థ్రాటిల్ బాడీ క్లీనర్ తడిపి తుడవండి. బటర్‌ఫ్లై ఆనే చోట రంగు పూసి సీల్ చేసిన స్క్రూను మాత్రం ముట్టుకోవద్దు, దాన్ని తిప్పితే ఈసీయూ లెక్క మొత్తం తప్పుతుంది. ఇక్కడ పెట్రోలు పైపులో ఒత్తిడి దాదాపు 3 బార్లు ఉంటుంది, తాళం ఆన్‌లో ఉండగా లాగితే కళ్ళలోకి చిమ్ముతుంది. పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి ఎప్పుడూ రిజర్వులోనే నడిపే బండిలో పంపు ముందే పోతుంది. సైడ్ స్టాండ్ వేస్తే ఇంజిన్ ఆగే ఏర్పాటున్న మోడళ్ళలో ఆ స్విచ్చులో బురద చేరితే నడిచే బండి గతుకులో టక్కున ఆగుతుంది. నీళ్ళతో కడిగి ఆరబెట్టి చూడండి.

వరద నీళ్ళలో ఆగిన బండి

సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు. పక్కకు తోసి, ఫిల్టర్ పెట్టె గొట్టంలో నీళ్ళు కార్చి, ఫిల్టర్ తడిసిందో లేదో చూడండి. ప్లగ్ తీసి, రంధ్రం మీద గుడ్డ అడ్డం పెట్టి, తాళం ఆఫ్‌లో ఉంచి నాలుగైదు కిక్కులు మెల్లగా కొడితే సిలిండర్‌లో చేరిన నీళ్ళు బయటికొస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంజిన్ నడపకుండా ఆయిల్ దించేయండి. కొత్త ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపి మళ్ళీ చూడండి, ఆ రంగు తిరిగొస్తే రెండోసారీ మార్చాలి. కార్బొరేటర్ గిన్నె డ్రెయిన్ చేసి, ప్లగ్, క్యాప్ ఆరబెట్టి, అప్పుడు కిక్ కొట్టండి. బెల్టు కవరులో చేరిన నీరు దిగేదాకా బండి జారుతున్నట్టుంటుంది. అది తగ్గేవరకు రేజు ఎక్కువ ఇవ్వకుండా నడపండి, ఇంటికి చేరాక వెనక డ్రమ్‌లోకి నీళ్ళు పోయాయేమో బ్రేకు వేసి చూసుకోండి.